‘మా ఆయన ఏ జైల్లో ఉన్నాడో ఎవరూ చెప్పడం లేదు’

ప్రశ్న: అన్నా, మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. మా ఆయన ఆరేళ్ల క్రితం ఖాదిమ్ వీసా మీద ఇంటి డ్రైవర్‌గా కువైట్ వెళ్లాడు. రెండేళ్లుగా కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర కాకుండా బయట ఒక కార్ల షెడ్డులో పని చేస్తున్నాడు. 23 రోజుల క్రితం ఆయన రూమ్మేట్ ఫోన్ చేసి ‘అన్నను పోలీసులు తీసుకుపోయారు’ అన్నాడు. అప్పటి నుంచి ఫోన్ స్విచాఫ్. ఏ కేసో తెలియదు, ఎక్కడ పెట్టారో తెలియదు. మా ఊరి ఏజెంటు లక్షన్నర ఇస్తే వాస్తా (పలుకుబడి) పెట్టి విడిపిస్తానంటున్నాడు. ఎంబసీకి చెప్పొద్దు, చెబితే కేసు పెద్దదవుతుంది అని కూడా అంటున్నాడు. మన మనిషిని పట్టుకుంటే మన ఎంబసీకి వాళ్లే చెప్పాలి కదా? ఎందుకు చెప్పలేదు? నేను పదో తరగతి వరకే చదివాను. ఎవరిని అడగాలి, ఏమని అడగాలి? పేరు వేయకండి.

సమాధానం: చెల్లెమ్మా, ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఆ లక్షన్నర ఇవ్వకండి. పుస్తెలతాడు తాకట్టు పెట్టే ఆలోచన ఉంటే ఇవాళ్టికి ఆపండి. ఏజెంటుకు ఫోన్ చేసి ఒకటే అడగండి: ‘మా ఆయన ఏ మఖ్ఫర్‌లో ఉన్నాడు, కేసు నంబరెంత?’ మఖ్ఫర్ అంటే అక్కడి పోలీస్ స్టేషన్, ఏజెంటుకు ఆ మాట తెలిసే ఉంటుంది. మనిషి ఎక్కడున్నాడో చెప్పలేనివాడు ఎవరి దగ్గర వాస్తా పెడతాడు? ఒకవేళ చెబితే మంచిదే, ఆ పేరు రాసుకోండి. డబ్బు మాత్రం అప్పుడూ ఇవ్వకండి.

ఇక మీరడిగిన అసలు మాట. వాళ్లే చెప్పాలి కదా అన్నారు. చెప్పాలి. కాకపోతే అందులో ఒక మెలిక ఉంది. ఆ మెలిక తెలియకే మనవాళ్లు నెలల తరబడి ఎదురుచూస్తూ కూర్చుంటున్నారు.

1963లో వియన్నాలో చాలా దేశాలు కూర్చుని కాన్సులర్ సంబంధాల మీద ఒక ఒప్పందం రాసుకున్నాయి. మన దేశం అందులో ఉంది, కువైట్ కూడా ఉంది. దాని 36వ అధికరణం మీలాంటి వాళ్ల కోసమే రాసినట్టుంటుంది. పరాయి దేశం మనిషిని పట్టుకున్నప్పుడు, ‘మీ ఎంబసీకి కబురు పెట్టించుకునే హక్కు నీకుంది’ అని ఆలస్యం చేయకుండా అతనికి చెప్పాలి. అతను సరే పెట్టండి అంటే ఆలస్యం లేకుండా ఎంబసీకి తెలియజేయాలి. అతను ఎంబసీకి ఉత్తరం రాస్తే అది చేరవేయాలి. ఎంబసీ అధికారి వచ్చి అతన్ని చూడవచ్చు, మాట్లాడవచ్చు, వకీలును కుదర్చవచ్చు. దీన్నే కాన్సులర్ యాక్సెస్ అంటారు.

మెలిక ఎక్కడుందంటే, ‘అతను అడిగితే’ అన్న మాటలో. ఈ ఒప్పందం ప్రకారం ఎంబసీకి కబురు దానంతట అది పోదు. లోపలున్న మనిషి నోట ఆ మాట రావాలి. ‘నీకీ హక్కు ఉంది’ అని అతనికి చెప్పాల్సిన బాధ్యత వాళ్లదే, నిజమే. అయితే అరబీలో నాలుగు ముక్కలు గబగబా చదివి, కాగితం ముందుకు తోసి, ఇక్కడ సంతకం పెట్టు అంటే మనవాడికి అందులో ఏం అర్థమవుతుంది? మన విదేశాంగ శాఖ పార్లమెంటులో ఇచ్చే జవాబుల్లో ఒక వాక్యం పదే పదే వస్తుంది: చాలా దేశాల్లో గోప్యత చట్టాలు గట్టిగా ఉన్నందున, ఖైదీ ఒప్పుకోకపోతే అతని వివరాలు అక్కడి అధికారులు మనకు ఇవ్వరు అని. 2025 మొదట్లో చెప్పిన లెక్క ప్రకారం విదేశీ జైళ్లలో ఉన్న మనవాళ్లు, విచారణ ఖైదీలతో కలిపి, 10,152 మంది. కువైట్‌లో 387. ఇది ప్రభుత్వానికి తెలిసినవాళ్ల లెక్క. మీ ఆయన పేరు ఆ పుస్తకంలోకి ఎక్కిందో లేదో మనం చూడాల్సింది అదీ.

మీరు 23 రోజులు అని రాసినప్పుడు నాకు వెంటనే ఒక కేసు తట్టింది. కుల్‌భూషణ్ జాదవ్ పేరు టీవీలో వినే ఉంటారు. పాకిస్థాన్ ఆయన్ను 2016 మార్చి 3న పట్టుకుంది. మన దేశానికి ఆ సంగతి చెప్పింది మార్చి 25న. అంటే 22 రోజులు, దాదాపు మీ లెక్కే. ఎంబసీ వాళ్లను కలవనివ్వలేదు, మిలిటరీ కోర్టు ఉరిశిక్ష వేసింది. మన దేశం హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 2019 జూలై 17న తీర్పు వచ్చింది, 16 మంది జడ్జీల్లో 15 మంది మన వైపు. గూఢచారి అని ముద్ర వేసినంత మాత్రాన ఆ హక్కు పోదన్నారు. మూడు వారాలు ఆలస్యం చేయడమే ఒప్పందాన్ని ఉల్లంఘించడం అన్నారు. ఆ సెప్టెంబరులో మన అధికారి వెళ్లి ఆయన్ను చూడగలిగారు. ఇంటికి మాత్రం ఆయన రాలేదు. ఇదెందుకు చెబుతున్నానంటే, మీకు రెండూ తెలిసి ఉండాలి. 23 రోజులు చెప్పకపోవడం మామూలు సంగతి కాదు, అడగడానికి మీకు గట్టి ఆధారం ఉంది. అదే సమయంలో, ఎంబసీ మనిషి వెళ్లి కలవడం వేరు, మీ ఆయన బయటికి రావడం వేరు.

ఒక పాత సంగతి చెబుతాను. 2009లో నేను సౌదీలోని దమ్మాంలో ఉన్నప్పుడు మా రూములో ఎనిమిది మందిమి. నిజామాబాద్ వైపు అతను ఒకతను ఉండేవాడు. ఒక రాత్రి పప్పు స్టవ్ మీద పెట్టి, మంట సన్నగా చేసి, ఇప్పుడే కుబ్బూస్ రొట్టె తెస్తానని కిందికి దిగాడు. పప్పు మాడిన వాసన వచ్చాకే మాకు తెలిసింది అతను తిరిగి రాలేదని. పదిహేడు రోజులు ఆస్పత్రులు అడిగాం, స్టేషన్లు అడిగాం, తర్హీల్ (దేశం నుంచి పంపేసేవాళ్లను ఉంచే చోటు) గేటు దగ్గర రెండుసార్లు అడిగాం. ఆ పేరుతో ఎవరూ లేరన్నారు. మేం అడిగింది మేం పిలిచే పేరు. పాస్‌పోర్టులో ఉన్నది బడిలో రాయించిన పేరు, దాని ముందు బారెడు ఇంటిపేరు, దాన్ని అరబీలోకి రాసినవాడు ఇంకో రకంగా రాశాడు. చివరికి అతని సూట్‌కేసు మూత లోపలి జేబులో మడతలు పడి చిరిగిపోయిన అకామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే కార్డు) జిరాక్సు దొరికింది. కంపెనీ మందూబ్‌ను (ప్రభుత్వ ఆఫీసుల్లో పనులు చూసే మనిషిని) బతిమాలి ఆ నంబరు ఇచ్చి పంపితే పావుగంటలో చెప్పారు, ఇక్కడే ఉన్నాడని. మేం రెండుసార్లు తిరిగొచ్చిన తర్హీల్‌లోనే.

ఇంటికి వచ్చాక అతన్ని అడిగాను, ఎంబసీ అని ఒక్క మాట అనలేకపోయావా అని. ‘ఎంబసీ అంటే పెద్దోళ్లకు కదన్నా’ అన్నాడు.

కాబట్టి మీ మొదటి పని ఫోన్లు తిప్పడం కాదు, నంబరు వెతకడం. కువైట్‌లో సివిల్ ఐడీకి 12 అంకెలుంటాయి. మనవాళ్లు బతాకా అంటారు. 2000 కంటే ముందు పుట్టినవాళ్లకు మొదటి అంకె 2, ఆ తర్వాత ఆరు అంకెలు పుట్టిన తేదీ, ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. మీ ఆయన పాస్‌పోర్టులో పుట్టిన తేదీ 1986 జూన్ 4 అనుకోండి, బతాకా నంబరు 2860604 అని మొదలవుతుంది. ఎవరైనా నంబరు చెబితే ఇలా సరిచూసుకోవచ్చు. అది ఎక్కడ దొరుకుతుంది? మీ వాట్సాప్‌లో పాత ఫోటోలు పైకి జరుపుకుంటూ పోండి. డబ్బు పంపినప్పుడల్లా ఎక్స్‌ఛేంజ్ స్లిప్పు ఫోటో పెట్టే అలవాటుంటే చాలా స్లిప్పుల మీద పంపినవాళ్ల సివిల్ ఐడీ నంబరు ఉంటుంది. లేదంటే రూమ్మేట్‌ను అడగండి, ఆయన పెట్టెలో జిరాక్సు ఉందేమో చూడమనండి. (సౌదీ వాళ్లయితే అకామా 10 అంకెలు, 2తో మొదలు. దుబాయ్, అబుదాబి వాళ్లయితే ఎమిరేట్స్ ఐడీ 15 అంకెలు, 784తో మొదలు. ఇది చదివే మిగతా ఇళ్లవాళ్లు ఇవాళే రాసి గోడ క్యాలెండర్ వెనకాల పెట్టుకోండి.)

పాస్‌పోర్టు జిరాక్సు ఇంట్లో ఉండాలి. లేకపోతే వెళ్లేటప్పుడు చేయించిన ప్రవాసీ బీమా కాగితం మీదో, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కాగితం మీదో పాస్‌పోర్టు నంబరు ఉంటుంది. కఫీల్ పేరు, ఫోన్ నంబరు తెలిస్తే అదీ రాసుకోండి. రూమ్మేట్ దగ్గర ఇంకో మూడు ముక్కలు రాబట్టండి: ఏ రోజు, ఏ వేళ, ఏ ప్రాంతంలో పట్టుకున్నారు. రూముకు వచ్చి తీసుకెళ్లారా, రోడ్డు మీద చెకింగ్‌లో పట్టుకున్నారా, షెడ్డు మీద దాడి చేసి నలుగురితో కలిపి తీసుకెళ్లారా? ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ అధికారికి సగం కథ అందులోనే అర్థమవుతుంది. రూమ్మేట్ భయపడుతుంటే అతని పేరు ఎక్కడా రాయనని మాటివ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. అతని అకామా కూడా సరిగ్గా ఉందో లేదో మనకేం తెలుసు.

ఇప్పుడు దరఖాస్తు. ఒక పేజీ దాటొద్దు. మనవాళ్లు రాసే దరఖాస్తులు చాలా చూశాను. పెళ్లి ఎప్పుడైంది, అప్పు ఎంతుంది, అత్తకు షుగరు, ఇవన్నీ రెండు పేజీలు నిండి, పాస్‌పోర్టు నంబరు చివర్లో సగం కనిపిస్తుంటుంది. మీ బాధ అబద్ధమని కాదు. చదివేవాడికి ముందు కావాల్సింది నంబరు. ఇలా రాయండి:

‘భారత రాయబార కార్యాలయం, కువైట్ వారికి. నా భర్త (పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు), పాస్‌పోర్టు నంబరు ఇది, సివిల్ ఐడీ నంబరు ఇది, ఫలానా తేదీన ఫలానా ప్రాంతంలో పోలీసులు తీసుకెళ్లారు. ఆ రోజు నుంచి ఆయనతో మాకు మాటల్లేవు. ఆయన ఎక్కడ ఉన్నారో కనుక్కోవాలని, మీ అధికారి వెళ్లి ఆయన్ను స్వయంగా కలవాలని, ఆయన మీద ఏ కేసు ఉంది, అది ఏ దశలో ఉంది, తర్వాతి తేదీ ఎప్పుడు అనేవి నాకు తెలియజేయాలని కోరుతున్నాను. వివరాలు నాకు చెప్పడానికి ఆయన సమ్మతి అవసరమైతే, కలిసినప్పుడు ఆ సంతకం తీసుకోవాలని మనవి.’

చివరి వాక్యం తీసేయకండి. ఆ సమ్మతి సంతకం లేకే చాలా ఇళ్లకు ‘వివరాలు ఇవ్వలేం’ అని ఒక్క ముక్కలో జవాబు వస్తుంది. మీరు ఆయన భార్య అని చూపే కాగితం ఒకటి జత చేయండి, రేషన్ కార్డు చాలు. ఇంగ్లిష్‌లో ఉంటే పని తొందరగా జరుగుతుంది. మీ ఊరి బడిలో సారును అడిగితే అరగంటలో రాసిస్తారు. మంచి ఇంగ్లిష్ కోసం మూడు రోజులు ఆగే బదులు వచ్చిన భాషలో ఇవాళే పంపడం మేలు.

దీన్ని ఎంబసీ వెబ్‌సైట్‌లో ఉన్న కాన్సులర్ విభాగం మెయిల్‌కు పంపండి. అదే రోజు విదేశాంగ శాఖ నడిపే ‘మదద్’ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయించండి. 2015లో మొదలైంది అది. విదేశాల్లో జైల్లో ఉన్నవాళ్ల కోసం అందులో వేరే విభాగమే ఉంది. మీసేవకు వెళ్లి చేయించుకుంటారేమో, ఒక జాగ్రత్త. మొబైల్ నంబరు అడిగిన చోట మీ నంబరే పెట్టించండి. పని తొందరగా అవుతుందని దుకాణం అబ్బాయి తన నంబరు కొట్టేస్తాడు, తర్వాత ఎంబసీ జవాబు అతని ఫోన్లో మూలుగుతూ ఉంటుంది. ఫిర్యాదు నంబరును కాగితం మీద ప్రింటు తీయించుకోండి. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా ముందు చూపించాల్సింది అదే.

ఒక్క మాట కటువుగా చెప్పాలి, ఏమీ అనుకోకండి. ఆయన కఫీల్‌ను వదిలి బయట పని చేస్తున్న సంగతి ఎంబసీ దగ్గర దాచకండి. ఖాదిమ్ వీసా అంటే 20 నంబరు, ఆ వీసా మీద ఉన్నవాళ్లు కఫీల్ ఇంట్లోనే పని చేయాలి. బయట షెడ్డులో దొరికితే అది నేరమే. కఫీల్ ‘పారిపోయాడు’ అని కేసు పెట్టి ఉండవచ్చు. అది పోలీసుల కంప్యూటర్లో ఎలాగూ ఉంది, మీరు దాచినంత మాత్రాన పోదు. మీరు దాచితే ఎంబసీ అధికారి ఒక్కడే తెలియకుండా అక్కడికి వెళ్తాడు.

నా అంచనా చెబుతాను, అంచనాగానే తీసుకోండి. వేరే గొడవేదీ లేకుండా చెకింగ్‌లోనే దొరికి ఉంటే ఇది డిపోర్టేషన్ వ్యవహారం. కోర్టు, వకీలు దాకా పోకుండా విమానం ఎక్కించి పంపేస్తారు. మరి ఇన్ని రోజులు ఎందుకు పట్టింది? చాలాసార్లు కారణం పాస్‌పోర్టు. అది కఫీల్ బీరువాలో ఉంటుంది, కఫీల్ ఫోన్ ఎత్తడు. పాస్‌పోర్టు లేనిదే విమానం ఎక్కించలేరు. అప్పుడు ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్ కావాలి. ఫలానా మనిషి లోపల ఉన్నాడని ఎంబసీకి తెలియకపోతే ఔట్‌పాస్ ఎవరు రాస్తారు? మీ ఏజెంటు ఎంబసీకి చెప్పొద్దన్నాడు చూశారా, ఆ మాట వింటే ఆయన ఇంటికి వచ్చే కాగితానికే మీరు అడ్డుపడ్డట్టవుతుంది. ఇలా వచ్చినవాళ్ల వేలిముద్రలు తీసుకుంటారు, మళ్లీ కువైట్ గడప తొక్కడం కష్టం. మీ ఏజెంటు ‘కేసు పెద్దదవుతుంది’ అని బెదిరించేది ఈ భయం చూపించే కావచ్చు. కానీ ఆ వేలిముద్ర ఎంబసీకి చెప్పినా పడేదే, చెప్పకపోయినా పడేదే.

డిపోర్టేషన్ కాకుండా అసలు కేసే ఉంటే దారి వేరు. షెడ్డులో ఏదైనా పోయిందని పెట్టి ఉండవచ్చు, యాక్సిడెంటు ఉండవచ్చు, ఎవరికో బాకీ పడి ఉండవచ్చు. అప్పుడు వకీలు కావాలి, అరబీ నుంచి చెప్పే మనిషి కావాలి. మన ఎంబసీల దగ్గర వకీళ్ల జాబితా ఉంటుంది. 2009 నుంచి ప్రవాసుల కోసం ఒక సంక్షేమ నిధి నడుస్తోంది. స్తోమత లేనివాళ్లకు వకీలు ఫీజుకు, చిన్నపాటి జరిమానాలకు, ఇంటికి టికెట్‌కు దాన్నుంచి ఇవ్వవచ్చు. అడిగితేనే ఇస్తారు, పెద్ద నేరాలకు ఇవ్వరు. దరఖాస్తులో చివర ‘మాకు వకీలును పెట్టుకునే స్తోమత లేదు, సంక్షేమ నిధి నుంచి సాయం కోరుతున్నాం’ అని ఒక ముక్క కలపండి. శిక్షే పడిందనుకోండి, మిగిలిన కాలాన్ని మన దేశపు జైల్లో గడిపేలా ఖైదీలను మార్చుకునే ఒప్పందం కువైట్‌తో ఉంది. అంత దూరం ఇప్పుడు ఆలోచించకండి.

ఎంబసీ ఏం చేయలేదో కూడా చెప్పాలి. కోర్టులో మీ ఆయన తరఫున వాదించదు. ఆయన తప్పు చేయలేదని పోలీసులతో పోట్లాడదు. వెళ్లిన రోజే వెంట తీసుకురాదు. మీ మెయిల్ చూశాక వాళ్లు కువైట్ విదేశాంగ శాఖకు రాస్తారు, అక్కడి నుంచి హోం శాఖకు, అక్కడి నుంచి జైలుకు. కువైట్‌లో మనవాళ్లు దాదాపు 10 లక్షల మంది. ఫోన్ ఎత్తలేదని తిట్టుకునే ముందు ఆ కిటికీ దగ్గర ఎంత క్యూ ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. నేను నిలబడ్డాను కాబట్టి చెబుతున్నాను. అయినా ఒక జిల్లా జనాభా అంత మందిని చూసుకోవాల్సిన చోట మనుషుల్ని ఇంకా పెంచాలి, అది మనం అడగాల్సిందే.

చిన్న దేశం కాబట్టి ఇలా, పెద్ద దేశాల్లో అయితే అన్నీ సక్రమంగా జరుగుతాయి అనుకోకండి. 2019 జనవరిలో అమెరికాలోని మిషిగన్‌లో, ప్రభుత్వ ఏజెంట్లే పెట్టిన దొంగ యూనివర్సిటీలో చేరారని 130 మంది విద్యార్థులను పట్టుకుంటే 129 మంది మనవాళ్లే, అందులో తెలుగు పిల్లలే ఎక్కువ. వాళ్లను వెంటనే కలవనివ్వాలని ఢిల్లీలో అమెరికా ఎంబసీకి మన ప్రభుత్వం లిఖితంగా చెప్పాల్సి వచ్చింది, 24 గంటల హెల్ప్‌లైన్ తెరవాల్సి వచ్చింది. 2022 ఆగస్టులో ఖతార్ పట్టుకున్న ఎనిమిది మంది మాజీ నేవీ వాళ్లలో ఒకరిది మన విశాఖే. వాళ్ల మీద ఆరోపణ ఏమిటో ఆ దేశం ఇప్పటికీ బయటపెట్టలేదు. ఉరిశిక్ష వేశారు, తర్వాత తగ్గించారు, 2024 ఫిబ్రవరిలో వదిలేశారు. ఆ మధ్య కాలమంతా ఆ ఇళ్లవాళ్లు ఢిల్లీ చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

శ్రీకాకుళం మత్స్యకారుల ఇళ్ల సంగతి మీకు ధైర్యం ఇస్తుందేమో. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకు వెళ్లిన అక్కడి మత్స్యకారులు పాకిస్థాన్‌కు చిక్కి కరాచీ జైల్లో పడ్డారు. పద్నాలుగు నెలల తర్వాత, 2020 జనవరి 6న, 20 మంది వాఘా దాటి వచ్చారు. అలాంటి కేసుల్లో విడుదలకు ముందు ఒక మెట్టు ఉంటుంది: ఇతను మా పౌరుడే అని మన దేశం ఖాయం చేయాలి. ఆ రుజువులు ఇంటి ట్రంకుపెట్టెల్లోంచే రావాలి. మీ ఆయనకు పాస్‌పోర్టు రికార్డు ఉంది, ఆ మెట్టు మీకు తేలికే.

ఇక్కడ మన వైపు ఎవరిని కలవాలి అంటే, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అక్కడ మదద్ నంబరుతో సహా ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. హైదరాబాద్ ప్రజాభవన్‌లో గల్ఫ్ వాళ్ల కోసం 2024 నుంచి ప్రవాసీ ప్రజావాణి నడుస్తోంది. మీ ఎంపీ ఆఫీసుకు వెళితే విదేశాంగ శాఖకు ఒక లేఖ రాయిస్తారు. ఆ లేఖ కోసం ఎంపీ గారినే కలవాలని పట్టుబట్టకండి, పీఏ చాలు. కడప, కోనసీమ నుంచి వెళ్లినవాళ్ల ఇళ్లవాళ్లయితే ఆంధ్ర ప్రభుత్వం ప్రవాసుల కోసం పెట్టిన ఏపీఎన్‌ఆర్‌టీ వాళ్లను పట్టుకోవాలి. అక్కడి నుంచి ఇంటి పనికి వెళ్లిన ఆడవాళ్లకు కఫీల్ ఇల్లే జైలవుతుంది, దాని గురించి వేరే ఉత్తరానికి జవాబు రాస్తాను.

పది రోజులైనా ఎంబసీ నుంచి ఏ కబురూ లేకపోతే, సమాచార హక్కు కింద విదేశాంగ శాఖకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు వేయించండి. ఫీజు 10 రూపాయలు. మామూలుగా జవాబుకు 30 రోజులు గడువు. కానీ మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని 7వ సెక్షన్‌లో ఉంది. ఈ సంగతి చాలామంది వకీళ్లే మరిచిపోతారు. దరఖాస్తు మొదటి వరుసలోనే ‘స్వేచ్ఛకు సంబంధించినది, సెక్షన్ 7(1) ప్రకారం 48 గంటల్లో’ అని రాయించండి. నా ఫిర్యాదు మీద ఏ తేదీన కువైట్ అధికారులకు రాశారు, ఏం జవాబు వచ్చింది, అంతే అడగండి. ఇంతకంటే ముందుకు వెళ్లాలంటే హైకోర్టు ఉంది. మన హైకోర్టు కువైట్ జైలుకు ఆర్డరు వేయలేదు గానీ, మీ ఫిర్యాదు మీద ఏం చేశారో చెప్పమని కేంద్రాన్ని అడగగలదు. ఆ అవసరం రాకూడదనే కోరుకుంటున్నాను.

ఏజెంటు మీద ఫిర్యాదు చేయాలా అని మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. ఇప్పుడే వద్దు. ఆరేళ్ల క్రితం అతనికి ఇచ్చిన డబ్బు రసీదులు, ఫోన్ మెసేజీలు జాగ్రత్త చేయండి. మీ ఆయన దొరికాక హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (విదేశాలకు పనికి పంపే ఏజెంట్ల మీద ఫిర్యాదులు చూసే కేంద్ర ఆఫీసు) దగ్గర ఆ లెక్క తేల్చుకోవచ్చు. ‘విడిపిస్తాను’ అని మళ్లీ వాయిస్ మెసేజ్ పెడితే డిలీట్ చేయకండి.

చివరిగా ఫోన్ గురించి. ఏదో ఒక రోజు 965తో మొదలయ్యే తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తుంది. స్నానానికి వెళ్లినా ఫోన్ దగ్గరే పెట్టుకోండి, రాత్రి సైలెంట్ చేయకండి. లోపలి నుంచి వచ్చే కాల్ రెండు మూడు నిమిషాలు ఉంటుంది, మధ్యలో తెగిపోతుంది. ఆ రెండు నిమిషాలు ఏడుపులోనే అయిపోయిన ఇళ్లు నాకు తెలుసు. ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ చార్జింగ్ పెట్టే చోట గోడకు అంటించండి. ఎక్కడ ఉన్నావు. ఏ కేసు అన్నారు. కాగితం మీద సంతకం పెట్టావా. దెబ్బలు, మందులు ఏమైనా అవసరమా. ఇవి అడిగాక మీరు ఆయనకు ఒకటి చెప్పాలి: ఆఫీసరు కనిపించినప్పుడల్లా ‘సఫారా హిందియా’ అనమని. అంటే భారత ఎంబసీ. అరబీ కాగితం ముందు పెడితే ‘మాఫీ మాలూమ్ అరబీ, ముతర్జిమ్’ అనమనండి. నాకు అరబీ రాదు, అనువాదకుడు కావాలి అని. ఆరేళ్లు ఉన్న మనిషి, ఈ మాటలు ఆయనకు వచ్చే ఉంటాయి. అనవచ్చని ఎవరో ఒకరు చెప్పాలి. మీ అమ్మాయి ఇంట్లో ఉంటే స్పీకర్ పెట్టి, మీరు మాట్లాడుతుంటే ఆమెను రాసుకోమనండి.

దరఖాస్తు పంపే ముందు ఒక ఫోటో నాకు పెట్టండి. బతాకా నంబరులో పుట్టిన తేదీ సరిపోయిందో లేదో చూసి చెబుతాను.